నర్సింగ్ కాలేజీ "మీ ప్రీరెక్విజిట్లు ఎక్స్‌పైర్ అయ్యాయి" అంటే అన్నీ మళ్ళీ చదవాలా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు ఇండియాలో బీఎస్సీ చేసి, ఇప్పుడు డల్లాస్ దగ్గర హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ళ భార్య/భర్తకిచ్చే వర్క్ పర్మిట్) మీద ఉన్నారు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ప్రీరెక్విజిట్లు, అంటే నర్సింగ్‌లో చేరేముందు పూర్తిచేయాల్సిన కోర్సులు, చదివారు: 2018 ఫాల్‌లో అనాటమీ అండ్ ఫిజియాలజీ 1, 2019 స్ప్రింగ్‌లో అదే 2, పిల్లల వల్ల కొంత ఆగి 2021 ఫాల్‌లో మైక్రోబయాలజీ పూర్తిచేశారు. ఇంగ్లిష్, సైకాలజీ 2018లోనే అయిపోయాయి. 2027 ఫాల్‌లో నర్సింగ్‌లో చేరాలని అడిగితే ఒక కాలేజీ వాళ్ళు సైన్స్ కోర్సులన్నిటికీ గడువు దాటిపోయిందన్నారు. మళ్ళీ మొదటినుంచీ చదవాలా అన్నది మీ సందేహం.

అక్కర్లేదు. గడువు దాటింది ఆ ఒక్క కాలేజీ లెక్కలో. మీ క్రెడిట్ ఎక్కడికీ పోలేదు, ట్రాన్స్‌క్రిప్ట్ మీద గ్రేడ్ అలాగే ఉంటుంది. "సైన్స్ కోర్సు ఇన్నేళ్ళ లోపల చేసి ఉండాలి" అనేది ఏ నర్సింగ్ ప్రోగ్రామ్‌కి ఆ ప్రోగ్రామ్ పెట్టుకున్న షరతు. అది ఒకచోట ఐదేళ్ళు, ఒకచోట ఏడేళ్ళు, ఒకచోట పదేళ్ళు. అసలు గడువే పెట్టని ప్రోగ్రాములూ ఉన్నాయి. కాబట్టి ఏ కాలేజీలకు అప్లై చేస్తారో తేల్చుకోకముందే రీటేక్‌కి రిజిస్టర్ అవకండి. ఎక్కువమంది దీన్ని తిరగేసి చేస్తారు. భయపడి మూడు కోర్సులూ మళ్ళీ చదివేస్తారు, తీరా చూస్తే చేరిన కాలేజీకి అందులో రెండు అక్కర్లేనివి.

గడువు ఎందుకు పెడతారో తెలిస్తే ఎక్కడ సడలింపు దొరుకుతుందో కూడా తెలుస్తుంది. నర్సింగ్ మొదలైన కొద్ది నెలల్లోనే ఫార్మకాలజీ, పాథోఫిజియాలజీ మీద పడతాయి. కిడ్నీ ఎలా పనిచేస్తుందో, పొటాషియం తగ్గితే గుండెకు ఏమవుతుందో గుర్తులేనివాళ్ళు అక్కడే ఫెయిలవుతారు. పైగా కాలేజీల మీద నర్సింగ్ లైసెన్స్ పరీక్ష అయిన ఎన్‌క్లెక్స్ ఒత్తిడి ఉంది. టెక్సాస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ మొదటి ప్రయత్నంలోనే కనీసం 80 శాతం మంది పాసవ్వాలని ప్రతి ప్రోగ్రామ్‌నీ అడుగుతుంది. అందుకే గడువు ప్రధానంగా ల్యాబ్ ఉన్న సైన్సుల మీదే ఉంటుంది: ఎ అండ్ పి (అనాటమీ అండ్ ఫిజియాలజీ) రెండు భాగాలు, మైక్రో, అడిగినచోట కెమిస్ట్రీ. ఇంగ్లిష్, సైకాలజీ, సోషియాలజీ, లైఫ్‌స్పాన్ డెవలప్‌మెంట్ లాంటివి సాధారణంగా పాతబడవు. స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్ మాత్రం కాలేజీని బట్టి అటో ఇటో ఉంటాయి, విడిగా అడగాలి.

ఇప్పుడు మీ తేదీలతోనే లెక్క వేద్దాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఏళ్ళు ఎన్ని అన్నదొక్కటే చాలదు, ఎప్పటినుంచి ఎప్పటివరకు లెక్కిస్తారు అన్నది తెలియాలి. మొదలు దాదాపు ఎప్పుడూ కోర్సు ముగిసిన టర్మ్. చివర మాత్రం మారుతుంది: ఒకచోట అప్లికేషన్లు తెరిచే రోజు, ఒకచోట డెడ్‌లైన్, ఒకచోట నర్సింగ్ క్లాసులు మొదలయ్యే రోజు. మీ మైక్రో 2021 డిసెంబర్‌లో ముగిసింది. ఐదేళ్ళ రూలు అంటే 2026 డిసెంబర్ దాకా చెల్లుతుంది. 2026 సెప్టెంబర్‌లో అప్లికేషన్ తెరిచి ఆ రోజునే కొలిచే కాలేజీలో అది బతికే ఉంది. 2027 ఫిబ్రవరి డెడ్‌లైన్‌తో కొలిచే కాలేజీలో రెండు నెలల తేడాతో పోయింది. రూలు ఒకటే, కోర్సు ఒకటే, జవాబు వేరు.

ఏడేళ్ళ రూలు ఉన్నచోట మీ మైక్రోకి 2028 డిసెంబర్ వరకు ఢోకా లేదు. ఎ అండ్ పి 1 గడువు 2025 డిసెంబర్‌లో, ఎ అండ్ పి 2 గడువు 2026 మేలో తీరిపోతాయి. పదేళ్ళ రూలు ఉన్నచోట మూడూ చెల్లుతాయి, ఒక్క క్లాసూ మళ్ళీ చదవక్కర్లేదు.

ఒక షీట్ తీసుకుని పది పన్నెండు ప్రోగ్రాములు రాయండి. ఇంటినుంచి డ్రైవ్ చేయగలిగిన ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ), బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ), డిగ్రీ ఉన్నవాళ్ళ కోసం నడిపే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ అన్నీ రాయండి. ప్రతిదానికీ నాలుగు గడులు: ఎన్నేళ్ళు, ఏ కోర్సులకు, ఏ తేదీతో కొలుస్తారు, రీటేక్ చేస్తే ఏ గ్రేడ్ తీసుకుంటారు. వెబ్‌సైట్‌లో చూసిన పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకోండి. రూల్స్ ఏటా మారుతుంటాయి, పాత పేజీలు గూగుల్‌లో తేలుతూనే ఉంటాయి. వెయిట్‌లిస్ట్ పద్ధతిలో సీట్లిచ్చే కాలేజీ అయితే ఇంకో ప్రశ్న: లిస్టులో పేరు చేరిన రోజుతో తేదీ ఆగిపోతుందా, లేక ఎదురుచూస్తుండగానే కోర్సులు పాతబడతాయా? ఇది అడగకుండా రెండేళ్ళు లైన్లో ఉండి, సీటు వచ్చేసరికి అనర్హులయ్యేవాళ్ళు ఉన్నారు.

రీటేక్ కంటే ముందు మినహాయింపు అడగండి. అందరికీ ఇవ్వరు, కానీ అడగనివాళ్ళకి అసలే ఇవ్వరు. ఇవ్వడానికి అవకాశం ఉన్న సందర్భాలు ఇవి. ఆ తర్వాత అదే సబ్జెక్టులో పైస్థాయి కోర్సు మంచి గ్రేడ్‌తో చేసి ఉండటం, అడ్వాన్స్‌డ్ ఫిజియాలజీ లాంటిది. ఎల్‌వీఎన్ (లైసెన్స్డ్ వొకేషనల్ నర్స్) గానో, పారామెడిక్‌గానో, రెస్పిరేటరీ థెరపిస్ట్‌గానో లైసెన్స్ మీద పనిచేస్తూ ఉండటం. గడువు ఒకటి రెండు టర్ముల తేడాతోనే దాటడం. ఇంకోటి చాలామందికి తట్టదు: ఎ అండ్ పి రెండు భాగాలనూ ఒక జంటగా చూసే కాలేజీలో రెండో భాగం తేదీ చెల్లితే మొదటిదాన్నీ ఒప్పుకోవచ్చు. అలాంటిచోట ఎ అండ్ పి 2 ఒక్కటి మళ్ళీ చదివితే సరిపోతుందేమో అడగండి, ఒక సెమిస్టర్ మిగులుతుంది.

జనరల్ అడ్మిషన్స్ ఆఫీసుకి ఫోన్ చేయకండి. అక్కడ ఫోన్ ఎత్తినవాళ్ళు వెబ్‌సైట్ చదివి వినిపిస్తారు. నర్సింగ్ డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కి ఈమెయిల్ రాయండి, జవాబు రాతలో ఉండాలి. ఈమెయిల్ పొట్టిగా ఉండాలి: కోర్సు నంబర్, పేరు, క్రెడిట్లు, ల్యాబ్ ఉందా, ఏ టర్మ్, ఏ గ్రేడ్, ఏ కాలేజీ, మీరు చేరాలనుకుంటున్న టర్మ్. కింద రెండే ప్రశ్నలు: "ఈ కోర్సు ఆ టర్మ్‌కి చెల్లుతుందా? చెల్లకపోతే రీసెన్సీ వేవర్‌కి (గడువు షరతు నుంచి మినహాయింపుకి) అప్లై చేసే పద్ధతి ఏమిటి?" అన్‌అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ జతచేయండి. పాత సిలబస్ దొరికితే అదీ పెట్టండి. కుటుంబ పరిస్థితులు మూడు పేరాలు రాస్తే మీ అసలు ప్రశ్న అడుగున పడిపోతుంది. వేవర్ వస్తే ఆ ఈమెయిల్‌ని అప్లికేషన్‌తో పాటు అప్‌లోడ్ చేయండి. ఏడాది తిరిగేసరికి ఆ అడ్వైజర్ అక్కడ ఉండకపోవచ్చు.

వేవర్ రాలేదు, మీకు నచ్చిన కాలేజీలు ఐదేళ్ళు, ఏడేళ్ళ రూలువే అనుకుందాం. అప్పుడు రీటేక్. ఇందులో తప్పు జరిగే చోట్లు చాలా ఉన్నాయి.

మొదటిది క్రమం. గడువు లేని కోర్సులు ముందు, గడువు ఉన్న సైన్సులు ఆఖర్న. ఇంకా చేయాల్సిన స్టాట్స్, లైఫ్‌స్పాన్, న్యూట్రిషన్ లాంటివి ఉంటే ముందు అవి ముగించండి. సైన్సుల గడియారం ఎంత ఆలస్యంగా మొదలైతే, మొదటి ఏడాది సీటు రాకపోయినా రెండోసారి, మూడోసారి అప్లై చేయడానికి అంత వ్యవధి ఉంటుంది. నర్సింగ్‌లో మొదటిసారే సీటు రావడం ఖాయం కాదు, ఆ వ్యవధి నిజంగా అవసరమవుతుంది.

రెండోది క్యాలెండర్. 2026 ఫాల్‌లో ఎ అండ్ పి 1, 2027 స్ప్రింగ్‌లో ఎ అండ్ పి 2 అనుకుంటే, ఫిబ్రవరి డెడ్‌లైన్ నాటికి రెండోది ఇంకా నడుస్తూ ఉంటుంది. అప్లై చేసేటప్పటికి ఒకటి రెండు కోర్సులు "ఇన్ ప్రోగ్రెస్"లో ఉండొచ్చని ఒప్పుకునే ప్రోగ్రాములున్నాయి, అన్నీ పూర్తయితే తప్ప ఫైలు తెరవనివీ ఉన్నాయి. రెండో రకానికి మీరు 2028 స్ప్రింగ్ బ్యాచ్ చూసుకోవాలి. దీన్ని కుదించడానికి ఐదు వారాల సమ్మర్ సెషన్‌లో ఎ అండ్ పి తీసుకోవద్దు. పదహారు వారాల టర్మ్‌లో నాలుగు క్రెడిట్ల కోర్సు అంటే వారానికి సుమారు మూడు గంటల లెక్చర్, మూడు గంటల ల్యాబ్. ఐదు వారాల్లో అదంతా మూడింతలవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది బి దగ్గర, సి దగ్గర ఆగుతుంది. మీకు కావలసింది ఎ. ఎనిమిది వారాల సెషన్‌లో ఒక్క కోర్సే పెట్టుకుంటే నెట్టుకురావచ్చు.

మూడోది గ్రేడ్. పాత ఎ ఉంది కదా, ఇప్పుడు పాసైతే చాలు అనుకోకండి. గడువు కోసం చదివిన కోర్సులో సాధారణంగా కొత్త గ్రేడే లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే పాతది వాళ్ళ దృష్టిలో చెల్లదు. కొన్నిచోట్ల రెండిటి సగటు తీస్తారు. చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే నర్సింగ్‌క్యాస్ ద్వారా వెళ్తే చేసిన ప్రయత్నాలన్నీ జీపీఏలో కలుస్తాయి. "ఒక సైన్స్ కోర్సు రెండుసార్లకు మించి తీసుకుంటే అనర్హులు" అనే రూలు ఉన్నచోట, గడువు కోసం చేసిన రీటేక్‌ని ప్రయత్నంగా లెక్కిస్తారా లేదా అన్నది తప్పకుండా అడగాలి. కొన్నిచోట్ల లెక్కించరు, కానీ డబ్ల్యూని (కోర్సు మధ్యలో వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడే గుర్తు) కూడా లెక్కించే కాలేజీలు ఉన్నాయి. మధ్యలో వదిలేస్తే ఏమీ కాదులే అన్న ధైర్యం వద్దు.

నాలుగోది రిజిస్ట్రేషన్. సి లేదా అంతకంటే మంచి గ్రేడ్ వచ్చిన కోర్సుని అదే కాలేజీలో మళ్ళీ తీసుకోబోతే సిస్టమ్ అడ్డుకోవచ్చు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఇది మామూలే. అక్కడ "సిగ్నిఫికెంట్ ల్యాప్స్ ఆఫ్ టైమ్" కింద పిటిషన్ పెట్టాలి. మామూలుగా మూడేళ్ళు దాటి ఉండాలి, మీరు చేరబోయే కాలేజీ రీసెన్సీ అడుగుతోందని చూపించాలి. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు కాకుండా నెల ముందే పిటిషన్ పెట్టండి, ఎ అండ్ పి ల్యాబ్ సీట్లు అంతవరకు ఆగవు. టెక్సాస్‌లో అడ్డుకోకపోవచ్చు గానీ, ప్రభుత్వ కాలేజీల్లో ఒకే కోర్సు మూడోసారి తీసుకుంటే ఎక్కువ ఫీజు వేసే వీలు ఉంది. గ్రీన్ కార్డ్ వచ్చి ఫెడరల్ ఎయిడ్ తీసుకుంటున్నవాళ్ళకు ఇంకో పరిమితి: పాసైన కోర్సుని మళ్ళీ చదివితే ఒక్కసారికే ఎయిడ్ లెక్కిస్తారు. హెచ్4లో ఉన్నవాళ్ళకు ఫెడరల్ ఎయిడ్ ఎలాగూ లేదు. టెక్సాస్‌లో హెచ్4 వాళ్ళు రెసిడెన్సీ నిరూపించుకుంటే రెసిడెంట్ ఫీజుకి అర్హులే, కాబట్టి రిజిస్ట్రార్ దగ్గర మిమ్మల్ని ఇంటర్నేషనల్ స్టూడెంట్‌గా వేశారేమో చూసుకోండి.

ఇక ఎక్కడ చదవాలి అన్నది. ఎ అండ్ పి 1, 2 ఒకే కాలేజీలో చదవండి. శరీరంలోని ఏ సిస్టమ్ మొదటి భాగంలో, ఏది రెండో భాగంలో అన్నది కాలేజీలన్నిట్లో ఒకేలా ఉండదు. ఒకచోట 1, ఇంకోచోట 2 చేస్తే మధ్యలో ఏదో సిస్టమ్ జారిపోతుంది, ట్రాన్స్‌ఫర్ ఇవాల్యుయేటర్ దాన్ని పట్టుకుంటారు. టెక్సాస్‌లో కామన్ నంబర్లు ఉన్నాయి కాబట్టి కొంత నయం: బయాలజీ 2401, 2402 అంటే ఎ అండ్ పి జంట, 2420 లేదా 2421 అంటే మైక్రో. రాష్ట్రం మారే అవకాశం ఉన్న కుటుంబాలు, అంటే ప్రాజెక్టు ఎటు వస్తే అటు కదిలే మనవాళ్ళలో చాలామంది, జంటని సగంలో వదలకండి. కాలిఫోర్నియాలో చాలా కాలేజీలు అనాటమీని ఒక కోర్సుగా, ఫిజియాలజీని ఇంకో కోర్సుగా నడుపుతాయి. ఇక్కడి ఎ అండ్ పి 1 ఒక్కదానితో వెళ్తే అక్కడ అది దేనికీ సరితూగదు. వాషింగ్టన్ కమ్యూనిటీ కాలేజీలవి క్వార్టర్ క్రెడిట్లు. ఐదు క్వార్టర్ క్రెడిట్లంటే సుమారు 3.33 సెమిస్టర్ క్రెడిట్లే. నాలుగు అడిగే కాలేజీలో అది తక్కువ పడుతుంది.

ఆన్‌లైన్ కోర్సుల గురించి కూడా అడుగుతుంటారు. సొంత వేగంతో ఎప్పుడైనా మొదలుపెట్టే ప్రీరెక్ కోర్సులు అమ్మే సంస్థలు ఉన్నాయి. కట్టేముందు రెండు చూడండి: ట్రాన్స్‌క్రిప్ట్ ఏ అక్రెడిటెడ్ కాలేజీ పేరుతో వస్తుంది, ఆన్‌లైన్ ల్యాబ్‌ని మీ ప్రోగ్రామ్ ఒప్పుకుంటుందా. స్ట్రెయిటర్‌లైన్ లాంటివాటిలో వచ్చేది ఏసీఈ (అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్) సిఫార్సు చేసే క్రెడిట్, దాన్ని తీసుకోని నర్సింగ్ ప్రోగ్రాములు బోలెడు. 2020 స్ప్రింగ్‌లో కోవిడ్ వల్ల ఆన్‌లైన్ ల్యాబ్, పాస్/ఫెయిల్ గ్రేడ్ చాలాచోట్ల ఒప్పుకున్నారు. ఆ సడలింపు ఇప్పుడూ ఉందని అనుకోకండి. ఆ టర్మ్‌లో చదివినవాళ్ళు విడిగా అడగాలి. కోర్సు చదవకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ పరీక్షలతో సైకాలజీ, హ్యూమన్ గ్రోత్ అండ్ డెవలప్‌మెంట్ లాంటివి కొన్ని కాలేజీల్లో తీర్చుకోవచ్చు. ఎ అండ్ పి, మైక్రోలకు క్లెప్ లేదు.

మీ ఇండియా డిగ్రీ సంగతి. బీఎస్సీ జువాలజీలోనో, బీఫార్మసీలోనో ఫిజియాలజీ చదివాం కదా అని దాని మీద ఆశపెట్టుకోవద్దు. ఎక్కువ నర్సింగ్ ప్రోగ్రాములు విదేశీ సైన్స్ కోర్సులను ప్రీరెక్‌లుగా తీసుకోవు, తీసుకున్నా అదే గడువు వర్తిస్తుంది. కానీ డిగ్రీగా దానికి విలువ ఉంది: యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్‌కి అర్హత దానివల్లే రావొచ్చు, అది అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానమని తేలితే. విదేశీ డిగ్రీలను అమెరికా లెక్కలోకి మార్చి చూపే వెస్ లాంటి సంస్థతో కోర్స్-బై-కోర్స్ ఇవాల్యుయేషన్ చేయించండి, డాక్యుమెంట్-బై-డాక్యుమెంట్ అయితే గ్రేడ్లు రావు, పనికిరాదు. యూనివర్సిటీ నుంచి సీల్డ్ ట్రాన్స్‌క్రిప్ట్ రావడానికి నెలలు పట్టొచ్చు, ఊళ్ళో ఎవరైనా వెళ్ళి తిరగాల్సి వస్తే ఇంకా ఎక్కువ. రీటేక్ నిర్ణయం కంటే ముందే ఈ పని మొదలుపెట్టండి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీలో బీఎస్ఎన్ అయితే అమెరికన్ హిస్టరీ ఆరు క్రెడిట్ గంటలు, గవర్నమెంట్ ఆరు క్రెడిట్ గంటలు చట్టం ప్రకారం కావాలి. ఇండియా డిగ్రీలో అవి ఉండవు. అవి పాతబడవు, కాబట్టి ఇప్పుడే చేసిపెట్టుకోదగ్గవి.

కోర్సులతో పాటు పరీక్షలకూ గడువు ఉంటుంది. నర్సింగ్ ప్రవేశ పరీక్షలైన టీస్, హెసీ స్కోర్లను చాలా కాలేజీలు రెండేళ్ళలోపువే తీసుకుంటాయి, కొన్ని ఏడాదే. టోఫెల్ అడిగితే దాని స్కోరూ రెండేళ్ళే. టీస్‌లో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. సైన్స్ భాగంలో లెక్కించే 44 ప్రశ్నల్లో 18 అనాటమీ, ఫిజియాలజీవే. అందుకని ఎ అండ్ పి 2 ఫైనల్ అయిన మూడు నాలుగు వారాల్లో టీస్ రాసెయ్యడం మంచిది. చదివింది వేడిగా ఉంటుంది, స్కోరు తేదీ కూడా అప్లికేషన్‌కి దగ్గరగా పడుతుంది.

మీ విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ముందు పదేళ్ళ రూలు ఉన్నవి, గడువు లేనివి అన్నీ వెతికి అక్కడ ఉన్న గ్రేడ్లతోనే 2027 ఫాల్‌కి అప్లై చేస్తాను. అవి మీకు అందుబాటులో లేకపోతే ఏడేళ్ళవి చూసి, మైక్రో ముట్టుకోకుండా ఎ అండ్ పి జంట ఒక్కటే రీటేక్ చేస్తాను. ఐదేళ్ళ రూలు కాలేజీ ఒక్కటే దగ్గర్లో ఉంటే తప్ప మూడూ మళ్ళీ చదవను. ఒక్క మినహాయింపు: పాత ఎ అండ్ పిలో మీకు సి ఉంటే, గడువుతో పనిలేకుండా రీటేక్ చేయడం లాభమే. పోటీ ఉన్నచోట ఆ సి ఎలాగూ సీటు దాకా రానివ్వదు. చెల్లుబాటు అయినా సరే, ఎముకలు, నరాలు, ఎసిడ్-బేస్ బ్యాలెన్స్ అంతా మర్చిపోయామనిపిస్తే చేరేముందు రెండు నెలలు కూర్చుని తిరగేయండి. కాలేజీ అడగకపోయినా మొదటి సెమిస్టర్ అడుగుతుంది.

ఇది చదివే ఇంకొందరికి ఒక మాట: ఇండియాలో జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు ఈ ప్రీరెక్‌ల దారిలోకి రానక్కర్లేదు. మీది ట్రూమెరిట్ (పాత పేరు సీజీఎఫ్ఎన్ఎస్) క్రెడెన్షియల్ ఇవాల్యుయేషన్, స్టేట్ బోర్డ్, ఎన్‌క్లెక్స్ దారి. ఎవరో చెప్పారని మళ్ళీ ఎ అండ్ పిలో చేరకండి.

హెచ్4 గురించి అడగాల్సిన ప్రశ్నలు అడ్వైజర్‌కి రాసే మొదటి ఈమెయిల్‌లోనే చేర్చండి: క్లినికల్ ప్లేస్‌మెంట్‌కి (ఆసుపత్రిలో చేసే శిక్షణకి) సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలా, ప్రోగ్రామ్ మధ్యలో ఈఏడీ రెన్యువల్ ఆలస్యమైతే క్లినికల్స్ ఆగుతాయా. చదువుకోవడానికి హెచ్4కి ఈఏడీ అక్కర్లేదు, కానీ కొన్ని ఆసుపత్రుల సొంత షరతులు వేరుగా ఉంటాయి. హెపటైటిస్ బి టీకాలు కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. మామూలు సిరీస్ మూడు డోసులు, ఆరు నెలలు పడుతుంది. టెక్సాస్‌లో సిరీస్ పూర్తి కాకుండా, లేదా ఇమ్యూనిటీ ఉన్నట్టు రక్తపరీక్ష చూపించకుండా, పేషెంట్ దగ్గరికి పంపరు.